మూడో కాగితం

మా వృత్తిలో ఒక విద్య ఉంది. ఏ కాలేజీలోనూ చెప్పరు, ఆఫీసులో చేరిన మొదటి ఏడాదిలోనే వంటబడుతుంది. క్లయింటు దగ్గరికి ఎప్పుడూ ఒక్క డ్రాయింగుతో వెళ్ళకూడదు, మూడు పట్టుకెళ్ళాలి. ఒకటి ఆయన తాహతుకు మించినది. ఒకటి చూడగానే మొహం చిట్లించేది. ఈ రెంటికీ మధ్య పెట్టేదే మనం కట్టదలుచుకున్నది. ఆయన మూడింటినీ అటూ ఇటూ తిప్పి, భార్యను పిలిచి చూపించి, చివరికి మధ్యదాని మీద వేలు పెడతాడు. మీ టేస్టే వేరండీ అనేసి, కాఫీ తాగి మనం వచ్చేస్తాం.

ఈ విద్య నాకు నేర్పింది మా పెద్దాయన. జూబ్లీ హిల్స్‌లో ఆయన ఆఫీసులో నా జీవితంలో సగం గడిచిపోయింది. తెనాలి నుంచి వచ్చి చేరినప్పుడు నాకున్న ఆస్తి రెండే, నోరూ, చేతిలో గీతా. ఆ రెండూ చూసే చేర్చుకున్నానని ఆయనే అందరికీ చెప్పేవారు.

ఒక నిర్మాతగారు కొత్త ఇంటి ముందు రాజకోట స్తంభాలు ఉండాల్సిందేనని పట్టుబట్టారు. మొదటి కాగితంలో ఆయన అడిగిన స్తంభాలే గీశాం, అయితే పోర్టికోలో కారు తిరగడానికి చోటు లేకుండా గీశాం. మూడో కాగితంలో ఇల్లు పోస్టాఫీసులా ఉంది. మధ్యదాంట్లో సన్నటి స్తంభాలు రెండు, వెనక ఒక పొడవాటి వరండా. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకుని మధ్యదే ఖాయం చేశారు. డిజైనంతా తనదేనని ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళకు చెప్పుకుంటారట. మేం ఆఫీసులో పడీపడీ నవ్వుకున్నాం. పాపమని ఏనాడూ అనిపించలేదు. మేం నచ్చకపోతే ఆయనకు రోడ్డు దాటగానే ఇంకో ఆర్కిటెక్టు దొరుకుతాడు. దొందూ దొందే అనుకున్నాం.

ఆ తర్వాత ఇదే విద్యను, ఇంకో ఆర్కిటెక్టును పెట్టుకోలేని మనుషుల మీద కూడా వాడాను. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా చాలాకాలం దర్జాగా తిరిగాను. ఇప్పుడు తిరగలేక రాస్తున్నాను.

ఫిల్మ్‌నగర్ వైపు మా కొండ దిగువన ఒక బస్తీ ఉంది. పైన రోడ్డు మీద పెద్ద ఇళ్ళు, సినిమా ఆఫీసులు, కాఫీ షాపులు. ఆ ఇళ్ళలో వంట చేసేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, కార్లు నడిపేవాళ్ళు, గేటు కాసేవాళ్ళు చాలామంది కిందే ఉంటారు. పైకి రావాలంటే ఆటోలో కొండంతా చుట్టి రావాలి, లేదా బండల మధ్య కాలిదారిన ఎక్కాలి. వానాకాలంలో ఆ దారిన జారిపడని మనిషి లేదు. పైన ఉండే ఒక కుటుంబం వాళ్ళ వంటామె అలాగే పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పోయిన తమ తండ్రి జ్ఞాపకంగా ఆ దారికి మెట్లు కట్టిస్తామని వాళ్ళు మా ఆఫీసుకొచ్చారు. ఒక్కటే షరతు పెట్టారు. బస్తీవాళ్ళను అడగాలి, వాళ్ళు ఏది కావాలంటే అదే కట్టాలి.

ఆ షరతు విని నేను పొంగిపోయాను. జనంతో కలిసి నిర్ణయాలు తీసుకోవడం ఎలా అన్న దాని మీద అప్పటికే నాలుగు కాలేజీల్లో ఉపన్యాసాలు దంచి ఉన్నాను. పనిని నాకిమ్మని అడిగి మరీ తీసుకున్నాను.

టేపు పట్టుకుని కొలతలకు వెళ్ళాను. దారి మధ్యలో పెద్ద బండ ఒకటి ఉంది. మనిషి రొమ్ము ఎత్తున ఉంటుంది. పైభాగం బల్లపరుపుగా, అరుగులాగా నున్నబడి మెరుస్తోంది. ఎంత బాగుందో అనుకుని ఫోనులో నాలుగు ఫోటోలు తీసుకున్నాను. ఎందుకు అంత నున్నబడిందని మాత్రం ఎవరినీ అడగలేదు. చుట్టూ మనుషులు వస్తూపోతూనే ఉన్నారు. నేను కొలతలు రాసుకుంటున్నాను.

ఆఫీసుకొచ్చి గీసిన మొదటి గీతలో మెట్లు ఆ బండ దాకా వచ్చి, దాని పక్కనుంచి మళ్ళి పైకి పోయాయి. ఆలోచించి గీసింది కాదు. నేల ఎటు తిరిగితే చెయ్యి అటు తిరిగింది.

మా ఆఫీసులో శనివారం గోడ అని ఒక ఆచారం ఉండేది. వారమంతా గీసినవన్నీ ఆ గోడకు గుచ్చేవాళ్ళం. ఎనిమిది మందిమీ టీ కప్పులు పట్టుకుని నిలబడితే, పెద్దాయన మొద్దు పెన్సిల్ పట్టుకుని గోడ పొడవునా నడిచేవారు. నచ్చితే ముందుకు పోయేవారు, నచ్చకపోతే ఆగేవారు. నా దగ్గర ఆగారు.

"వంకర మెట్లు చూసి ఎవరాగుతారమ్మా? పైన నిలబడితే కింది దాకా ఒకటే గీత కనపడాలి" అన్నారు.

నా డ్రాయింగు మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, పైనుంచి కిందికి తిన్నగా ఒక గీత గీశారు. అది బండ మధ్యలోంచి పోయింది. బండ ఉన్న చోట వెడల్పాటి చదును, రెండు బెంచీలు, ఒక కాగితం పూల చెట్టు వచ్చాయి. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. మా దగ్గర నిర్ణయాలు అలాగే జరిగేవి. ఎవరూ కాదనకపోతే అందరూ ఔనన్నట్టు. తర్వాత ఏదైనా బెడిసికొడితే అది ఎవరి నిర్ణయమో తేలేది కాదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. నోరుందని పేరు పడ్డ నేను కూడా ఆ పూట టీ ఊదుకుంటూ నిలబడ్డాను. భయపడి కాదు. ఆయన గీత చూడగానే నాకూ నచ్చేసింది. అది మెట్లలా కాదు, పత్రికలో అచ్చయిన బొమ్మలా ఉంది.

బస్తీకి తీసుకెళ్ళడానికి మూడు కాగితాలు నేనే తయారు చేశాను. ఒకదాంట్లో మెట్ల పొడవునా పైకప్పు, దీపాలు, స్టీలు రెయిలింగు. అంత ఖర్చు డబ్బిచ్చే కుటుంబంవాళ్ళు పెట్టలేరని ముందే చెప్పెయ్యొచ్చు. మధ్యదాంట్లో పెద్దాయన గీత. దానికి రంగులు వేశాను, కాగితం పూలు పూయించాను, బెంచీ మీద జడ వేసుకున్న పిల్లను పుస్తకం చదువుతూ కూర్చోబెట్టాను. మూడోది నా పాత గీతే, బండ పక్కనుంచి మళ్ళేది. దాన్ని సన్నటి పెన్సిల్‌తో వదిలేశాను. చెట్టు లేదు, మనిషి లేదు, రంగు లేదు. బండను బూడిద కుప్పలా గీశాను. పెద్దపిల్లకు సంబంధం కుదరాలని చిన్నదాన్ని మాసిన చీరతో కూర్చోబెట్టినట్టు. నా చేతిలోంచి పుట్టినదాన్నే ఓడిపోవడానికి ముస్తాబు చేస్తున్నానని తెలిసే చేశాను.

ఆదివారం పొద్దున బస్తీలో చిన్న హాల్లో మీటింగు. ఓటు వేయడానికి చీటీలు కాకుండా బొట్టుబిళ్ళలు తీసుకెళ్ళాం. మనిషికో ఎర్ర బొట్టుబిళ్ళ ఇస్తాం, నచ్చిన కాగితం మీద అంటించాలి. ఆ ఆలోచన నాదే. ఎంత స్థానికంగా ఉందో అని మాలో మేమే మురిసిపోయాం. మగవాళ్ళు సిగ్గుపడుతూ నవ్వుతూ తీసుకున్నారు. పిల్లలు అదనంగా అడిగి నుదుటికి పెట్టుకున్నారు. నేను మూడు కాగితాలూ వివరించాను, ఒక్కొక్కరే వచ్చి అంటించారు.

చూస్తే మూడో కాగితం ఎర్రగా నిండిపోయింది.

నా ఉపన్యాసాల్లో నేనే చెప్పిన దాని ప్రకారం కథ అక్కడితో అయిపోవాలి. వాళ్ళను అడిగాం, వాళ్ళు చెప్పారు. కాని నా మనసులోకి వచ్చిన మొదటి మాట, అయ్యో వీళ్ళకు డ్రాయింగు అర్థం కాలేదే అని. రంగులూ పూలూ వదిలేసి బూడిద కుప్పను ఎంచుకున్నారంటే ఇంకేమనుకోవాలి? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటారు, అదీ నా సంగతి. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన నావైపు చూసి కనుబొమలు ఎత్తారు. నేను మైకు తీసుకున్నాను.

చాలామందికి సరిగ్గా అర్థమైనట్టు లేదండీ, ఇంకోసారి వివరంగా చెప్తాను, మళ్ళీ వేద్దాం అన్నాను. మలుపు దగ్గర వాన నీళ్ళు నిలుస్తాయన్నాను. పిల్లలు పరిగెత్తుకొస్తూ మలుపులో పడతారన్నాను. నీళ్ళు నిలవకుండా మలుపు కట్టడం నాకు చేతనవును, అది మా కాలేజీలో రెండో ఏడాది పాఠం. ఆ మాట చెప్పలేదు.

అప్పుడు వెనక వరసలో ఒకామె లేచి నిలబడింది. నా వయసే ఉంటుంది. బక్కపలచటి మనిషి. సబ్బు నీళ్ళలో నాని నాని వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"మేడమ్, బండ తీస్తే నా మూట ఎవలెత్తుతరు?" అంది.

ఎవరో వెనకనుంచి, నీ మూట ఎత్తనీకి హీరో దిగివస్తడు తీయ్ అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. నిలబడే చెప్పింది. తను షూటింగు బట్టలు ఉతుకుతుంది. పైన రోడ్డు మీద దుస్తులు అద్దెకిచ్చే కంపెనీ ఒకటి ఉంది, వాళ్ళ బట్టలు. డాన్సులవీ ఫైట్లవీ, పూసలవీ జరీవీ, ఒక్కో మూట మోయలేనంత ఉంటుంది. కింద ఇంటి దగ్గర కూతురు నెత్తికెత్తుతుంది. ఏకబిగిన ఎక్కలేదు కాబట్టి మధ్యలో ఆ బండ మీదికి మూట జరిపి, ఊపిరి తీసుకుని, మూట కిందికి తల దూర్చి మళ్ళీ నెత్తికి తీసుకుంటుంది. బండ తన రొమ్ము ఎత్తున ఉంది గనక ఇంకో మనిషి అవసరం లేదు. అదే నేల మీద దించితే ఒక్కదానివల్ల కాదు. ఆ మూట మీదే తన ఇల్లు నడుస్తోంది.

ఇంతా ఆమె చెప్పింది. నేను తల ఊపుతూ విన్నాను, నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఉన్నది ఒకే ఒక్క ముక్క. మధ్యలో విశ్రాంతి స్థలం కావాలట.

ఆమె చెప్పింది ఎత్తుకోవడం గురించి. నేను రాసుకున్నది కూర్చోవడం గురించి. మావాళ్ళకు ఇదొక జబ్బు. ఎదుటి మనిషి నోట్లో మాట ఉండగానే దాన్ని మా డ్రాయింగులో అప్పటికే ఉన్న వస్తువుగా మార్చేసుకుంటాం. ఆమె మాట నా బెంచీగా మారిపోయింది. మీకోసం మధ్యలో చక్కటి బెంచీలు వేస్తున్నామమ్మా, హాయిగా కూర్చోవచ్చు అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి కూర్చుంది.

పాత బొట్టుబిళ్ళలన్నీ పీకేసి రెండోసారి ఓటు మొదలుపెట్టేసరికి నల్లా వచ్చిందని సగం మంది ఆడవాళ్ళు బిందెలు గుర్తొచ్చి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మేడమ్ ఇంతగా చెప్తోంది గదా అని మధ్య కాగితం దగ్గరికి నడిచారు. ఆమె వంతు వచ్చేసరికి మా దగ్గర బొట్టుబిళ్ళలు అయిపోయాయి. ఒక క్షణం చూసి, తన నుదుటి మీది బొట్టు తీసి మూడో కాగితం మీద అంటించింది. పక్కనున్న ముసలామె అదేం పనే అని నాలుక కరుచుకుంది. ఆమెది చిన్న మెరూన్ బొట్టు.

లెక్కపెట్టినప్పుడు ఆ మెరూన్‌ను నేను కలపలేదు. మేమిచ్చింది కాదు గనక చెల్లదన్నాను. మధ్య కాగితం గెలవడానికి ఆ ఒక్క బొట్టు అడ్డేమీ కాదు, ఉన్నా గెలిచేదే. అయినా గోరుతో గీకి తీసేశాను. మిగతావన్నీ ఎవరికైనా సర్దిచెప్పుకోగలనేమో గాని ఈ ఒక్క పనికి నాకు నేనే ఏమీ చెప్పుకోలేను.

రిపోర్టులో బస్తీ ప్రజల ఎంపిక అని రాసి మధ్య కాగితం జతపరిచాను. మొదటి ఓటుకు అవగాహన దశ అని పేరు పెట్టాను. పెద్దాయన చదివి, భాష నీకు బాగా వచ్చేసిందమ్మా అని మెచ్చుకున్నారు.

బండను యంత్రంతో పగలగొట్టారు. మెట్లు కట్టారు. నిజం చెప్పాలంటే బాగా కుదిరాయి. వానాకాలంలో ఎవరూ జారిపడటం లేదు. కాగితం పూలు ఏడాదికే గుబురుగా ఎదిగాయి. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు వరస కట్టాయి, రీల్స్ చేసేవాళ్ళకైతే లెక్కే లేదు. ఒక పత్రికవాళ్ళు పైనుంచి కిందికి ఒకటే గీతగా కనపడే ఫోటో వేశారు. నన్ను ఇంకా ఎక్కువ కాలేజీలకు పిలిచారు. బొట్టుబిళ్ళల ఫోటో తెర మీద వేసినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టేవారు. అందులో హాలంతా నవ్వుతూ ఉంటుంది. వాళ్ళు దేనికి నవ్వుతున్నారో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మరుసటి ఏడాది ఒక కాలేజీ నుంచి పదిమంది పిల్లలు ఆ మెట్లు చూడాలని వచ్చారు. మధ్యాహ్నం పూట వాళ్ళను వెంటబెట్టుకుని పైనుంచి దిగాను. నేను ముందు, వాళ్ళు ఫోటోలు తీసుకుంటూ నాలుగు మెట్లు వెనక. మధ్య చదును దగ్గరికి వచ్చేసరికి ఆమె ఉంది. మూట బెంచీ మీద ఉంది. ఆమె పక్కన నిలబడి పైకీ కిందికీ చూస్తోంది, ఎవరైనా వస్తారేమోనని. ఆమెను చూడగానే గుర్తుపట్టాను. ఆమె మొహంలో మాత్రం ఏమీ కనపడలేదు.

"జర ఎత్తుండ్రి మేడమ్" అంది.

ఎత్తాను. అలాంటి బరువు నేను ఎన్నడూ ఎత్తి ఉండను. బెంచీ మోకాలి ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి నెత్తి దాకా తేవాలంటే ఇద్దరూ నడుం వంచాలి, ఇద్దరూ ఒకేసారి లేవాలి. మొదటిసారి నా వల్ల కాలేదు. రెండోసారికి మూట ఆమె తల మీదికి చేరింది గాని నా నడుం పట్టేసింది. ఎప్పుడూ ఇలాగే నిలబడతారా అని అడిగాను. అవునంది. ఒక్కోపూట ఎవరూ రారట, వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకునేవాళ్ళే, ఖరీదైన బట్టల్లో ఉంటారు, వాళ్ళను అడగబుద్ధి కాదట. ఆలస్యమవుతోందని కంపెనీవాళ్ళు సగం బట్టలు మోతీనగర్‌లో బట్టలుతికే మిషను పెట్టుకున్న అతనికి ఇస్తున్నారట. మిగతా సగమన్నా ఉంటే చాలంది. ఇదంతా ఆమె సణిగినట్టు కాదు, వాన వచ్చేలా ఉందన్నట్టు మామూలుగా చెప్పింది. మూట సర్దుకుంటూ చివరగా ఒక మాట అంది.

"కూసునేటందుకు మంచిగనే ఉంది. ఎత్తుకునేటందుకే లేదు."

ఆమె రెండు మెట్లు ఎక్కింది. పిల్లల్లో ఒకమ్మాయి నన్ను అడిగింది, ఆవిడ ఏమంటోంది మేడమ్ అని.

"మెట్లు బాగున్నాయంటోంది" అన్నాను.

ముందుగా అనుకుని చెప్పింది కాదు, నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు. పిల్లలు సంతోషంగా తలలూపి రాసుకున్నారు. ఆమె మెట్టు మీద ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. వెనక్కి తిరగలేదు, ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చాలారోజులు నా పరిస్థితి గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆఫీసులో ఎవరైనా ఆ మెట్లను పొగిడితే నన్ను నిలదీస్తున్నట్టుండేది. చివరికి పెద్దాయనకు అంతా చెప్పాను. నా మొదటి గీత, మూడో కాగితం, మెరూన్ బొట్టు, పిల్లలతో ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. ఆయన ఓపిగ్గా విని, ఓటేసింది వాళ్ళే కదమ్మా అన్నారు. ఎగతాళిగా కాదు, నన్ను ఊరడించడానికే అన్నారు. ఆ ఊరడింపు మాట తయారుచేసింది నేనే. రిపోర్టులో నా చేత్తోనే రాసి ఇచ్చాను. ఇప్పుడది తిరిగి నాకే వచ్చింది.

చేయాల్సింది చిన్న పనే. చదును పక్క గోడకు రొమ్ము ఎత్తున ఒక రాతి పలక బిగించాలి. డబ్బు పెట్టిన కుటుంబం ఒప్పుకోవాలి. వాళ్ళ తండ్రి పేరు చెక్కిన రాయి ఆ గోడకే ఉంది, అందం చెడుతుందంటారేమోనని నాకు నేనే ఊహించుకున్నాను. ఉత్తరం రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. నేను తప్పు చేశానన్న ఒక్క వాక్యం దగ్గర కలం ఆగిపోయేది. ఆఖరికి ఉత్తరం మానేసి ఆ ఇంటి పెద్దమ్మాయికి ఫోన్ చేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దానికేముందండీ పెట్టించండి అంది. తర్వాత కాస్త ఆగి, అప్పుడే చెప్పుంటే అప్పుడే చేసేవాళ్ళం కదా అంది.

ఎవరూ అడ్డం లేరు. మొదట్నుంచీ ఎవరూ అడ్డం లేరు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీని తీసుకుని బస్తీలోకి దిగాను. ఈసారి కాగితాలు ఏవీ లేవు, ఒక సుద్దముక్క, ఒక టేపు. అడుగుతూ అడుగుతూ ఆమె ఇల్లు పట్టుకున్నాను. వాకిట్లో దండెం ఖాళీగా ఉంది. పలక సంగతి చెప్పి, ఎంత ఎత్తున కావాలో మీరు వచ్చి చూపిస్తే అంతే పెడతామన్నాను.

"గిప్పుడెందుకు మేడమ్, మూట బందయింది" అంది.

బట్టలన్నీ మోతీనగర్ వెళ్ళిపోయాయట. దసరా ముందు నుంచి పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు ఆమె పైన జూబ్లీ హిల్స్‌లో రెండు ఇళ్ళలో గిన్నెలు తోముతోంది. ఆ మూట పోయింది నేను ఉత్తరం కొట్టేస్తూ కూర్చున్న నెలల్లోనే. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. అడిగితే ఆమె పర్వాలేదనాల్సి వస్తుంది, ఆ పని కూడా ఆమె చేతే చేయించినట్టవుతుంది.

అయినా ఆమె చెప్పులేసుకుని నాతో వచ్చింది. గోడకు వీపు ఆనించి నిలబడింది. రొమ్ము దగ్గర సుద్దతో గీత గీశాను. ఆమె పక్కకు జరిగి చూసి, ఇంకో నాలుగు వేళ్ళు కిందికి అంది. ఎందుకని అడిగాను. పొద్దున్నే ఆకుకూరల గంప పైకి మోసుకెళ్ళే ఆమె ఒకతె ఉంది, తనకంటే పొట్టి, ఈ ఎత్తు ఆమెకు అందదు అంది. నాకెట్లయినా అక్కర లేదు గదా అంది. తన వేలితోనే గీత ఎక్కడ పడాలో చూపించింది. బస్తీ మీద ఇన్ని ఉపన్యాసాలిచ్చిన నాకు ఆ గంప మనిషి ఉందని కూడా తెలియదు.

గీత గీసి ఆమెవైపు తిరిగాను. ఇక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని, ఆ రోజు మీటింగులో మైకు పట్టుకుని రెండోసారి ఓటు వేయించింది నేనేనని చెప్పాను.

"ఎరుకే" అంది. "పిల్లల్ని తోల్కొచ్చిన పొద్దు మిమ్మల్ని చూడంగనే గుర్తువట్టిన. అందుకే ఎత్తుమన్న. పిల్లలున్నరు గదా, ఎత్తినంక మీరే చెప్తరనుకున్న."

నేను గోడవైపు తిరిగి, గీసిన గీతనే సుద్దతో మళ్ళీ దిద్దాను.

"మెట్లు బాగున్నయని నేనన్లేదు మేడమ్."

"అనలేదు" అన్నాను.

మేస్త్రీ పని ఆపి ఇటు చూస్తున్నాడు. అతనికి కూడా వినపడేలా, ఆవిడ అలా అనలేదు, నేనే అబద్ధం చెప్పాను అని ఇంకోసారి అన్నాను. అతను అర్థం కానట్టు చూసి మళ్ళీ టేపు అందుకున్నాడు. ఆమె పనికి వేళైందని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ పదిమంది పిల్లలకు చెప్పాల్సిన మాటను నేను ఒక మేస్త్రీకి చెప్పాను.